సంభావన రాకముందే గజ్జె కట్టాలంటే: ఒక కౌన్సెలింగ్ కేసు

ఇందులోని వ్యక్తిని శారద అంటాను. అది ఆమె పేరు కాదు. ఊరు, ఉద్యోగం, కుటుంబం గురించి గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. రాసినదంతా ఆమె చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. కళ పేరు మాత్రం మార్చలేదు. హరికథ బదులు ఇంకేదైనా పెడితే ఈ కేసులో సగం విషయం ఎగిరిపోతుంది. కోస్తా జిల్లాల్లో హరికథ చెప్పే ఆడవాళ్లు తక్కువేం కాదు కాబట్టి, దాన్నిబట్టి ఆమె ఎవరో తెలిసిపోయే భయమూ లేదు.

నేపథ్యం

శారదకు నలభైకి దగ్గర వయసు. ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో అకౌంట్స్ చూస్తారు. భర్తదీ నెలజీతమే. ఇద్దరు పిల్లలు, పెద్దవాడు టెన్త్. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఇంటి లోన్ ఇంకా తీరలేదు. అప్పులవాళ్లు తలుపు కొట్టే పరిస్థితి లేదు, అలాగని నెలాఖరుకు మిగిలేదీ పెద్దగా లేదు.

పన్నెండు పదమూడేళ్ల వయసులో ఒక గురువుగారి దగ్గర హరికథలో చేరారు. పాట, పద్యం, వచనం, చిరతలు పట్టి అడుగు వేయడం, జనం కునుకు తీస్తున్నారనిపిస్తే పిట్టకథతో లేపి కూర్చోబెట్టడం, అన్నీ ఒక్క మనిషే చేయాలి. ఆదిభట్ల నారాయణదాసు గారు (1864-1945) ఈ కళను ఎక్కడికి తీసుకెళ్లారో తెలిసినవాళ్లకు ఇది ఎంత బరువైన పనో చెప్పక్కర్లేదు. పెళ్లయ్యాక అంతా ఆగిపోయింది. నా దగ్గరకు రావడానికి మూడేళ్ల ముందు, గురువుగారు వయసు మీదపడి బయట కథలు మానేసిన రోజుల్లో, ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఆమె వచ్చేనాటికి రుక్మిణీ కల్యాణం మొత్తం నోట్లో ఉంది. పడగ్గది తలుపేసుకుని చెప్పుకునేవారు. నలుగురి ముందు ఒక్కసారి కూడా చెప్పలేదు.

వచ్చిన సమస్య

హరికథ గురించి ఆమె రాలేదు. గుండెదడ, తెల్లవారుజామున మెలకువ, ఆ తర్వాత నిద్ర పట్టకపోవడం. వాళ్ల ఫ్యామిలీ డాక్టరు ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్షలు చేయించి, అన్నీ బాగున్నాయని తేలాక నా దగ్గరకు పంపారు. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 13 వచ్చింది. 10 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిందే. డిప్రెషన్‌ను చూసే పీహెచ్‌క్యూ-9లో స్కోరు తక్కువే, ప్రాణం తీసుకోవాలనే ఆలోచనల గురించిన ప్రశ్నకు సున్నా.

దడ ఎప్పుడు వస్తుందని అందరూ అడుగుతారు. ఎప్పుడు రాదో అడిగితే ఒక్కోసారి ఎక్కువ తెలుస్తుంది. ఆమె కాసేపు ఆలోచించి, "తలుపేసుకుని సాధన చేసేటప్పుడు రాదు మేడమ్" అన్నారు. ఏం సాధన అని అడిగాక మిగతా కథంతా బయటికొచ్చింది. "మొదటి కథ ఎప్పుడమ్మా?" అని గురువుగారు ఫోన్ చేసిన రాత్రులు నిద్ర ఉండదట. ఆమె ఫోన్‌లో రాజీనామా ఉత్తరం ఒకటి నెలల తరబడి డ్రాఫ్టులో పడి ఉంది. రాత్రి పిల్లలు పడుకున్నాక తెరవడం, రెండు మాటలు మార్చడం, మూసేయడం. ఆమె లెక్కలో దారులు రెండే: ఉద్యోగం మానేసి పూర్తిగా హరికథలోకి దిగడం, లేదా చిరతలు అటక మీద పడేయడం.

దీన్ని ధైర్యం సమస్య అనుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలనుకున్నాను. మొదటిది, ఇది హైపోమేనియా (మనసు అదుపు తప్పి మితిమీరి ఉరకలేసే స్థితి) కాదు కదా? ఉన్నట్టుండి పెద్ద నిర్ణయాలు, నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, చేతికి ఎముక లేనట్టు ఖర్చు, అలాంటివేమీ లేవు. ఈమెకు నిద్ర లేకపోతే మర్నాడు తల పగిలిపోతుంది. రెండోది, ఆఫీసు నుంచి పారిపోవడానికి కల ఒక సాకా? "ఆఫీసులో బాగానే చూస్తారు మేడమ్, అదే బాధ" అన్నారు. మూడోదానికి ఎక్కువ సమయం పట్టింది. ఈ కల ఆమెదా, శిష్యులు మిగలని గురువుగారిదా? రేపు ఆయనే ఇక వద్దులే అమ్మా అంటే ఏం చేస్తారని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వేరే గురువుగారిని వెతుక్కుంటాను. ఈ మాట ఆయనకు చెప్పకండి" అన్నారు. ఆ జవాబు విన్నాక నాకు సందేహం మిగల్లేదు.

మొదటి కథ వాయిదా పడటానికి ఆమె దగ్గర కారణాల చిట్టా ఉంది. రెండో కథ కూడా వచ్చాక. పెద్దవాడి టెన్త్ అయ్యాక. గొంతు ఇంకాస్త కుదిరాక. గురువుగారు ఇక చాలు అన్నాక. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. కానీ ఒక కారణం తీరగానే ఇంకొకటి వచ్చి చేరుతోంది. వాయిదా వేసిన ప్రతిసారీ గుండె తేలికపడుతుంది. ఆ తేలికే తర్వాతి వాయిదాకు జీతం. ఆందోళనలో తప్పించుకోవడం ఇలాగే బలపడుతుందని మా పుస్తకాలు ఏనాటి నుంచో చెబుతున్నాయి.

పని చేయనివి

మొదట సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకునే మాటల చికిత్స) పద్ధతిలో ఆలోచనలను పరీక్షించడం. ఆమె ఆలోచన: "దీంతో ఇల్లు గడవదు." దానికి అనుకూలంగా సాక్ష్యాలు ఒక వైపు, వ్యతిరేకంగా ఉన్నవి ఇంకో వైపు రాయాలి. అనుకూలమైన వైపు పేజీ నిండిపోయింది. ఒకప్పుడు శ్రీరామనవమికి, దసరాకు హరికథ పెట్టిన పందిళ్లలో ఇప్పుడు ఆర్కెస్ట్రాలు. గురువుగారి గోడ నిండా సన్మాన పత్రాలే, ఇల్లు నడిచేది మాత్రం కొడుకు పంపే డబ్బుతో. రెండో వైపు ఖాళీ. ఆమె కాగితం నా వైపు జరిపి, "ఇది టాలీ అవ్వదు మేడమ్" అన్నారు. నిజమే. భయం గోరంతను కొండంత చేస్తున్నప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇక్కడ భయం చెబుతున్నది సరైన లెక్క. సరైన లెక్కను తప్పని ఒప్పించబోతే మన మీద నమ్మకం పోతుంది. అక్కడితో ఆపేశాం.

తర్వాత ప్రోత్సాహం. ఇది నేను చెప్పి చేయించింది కాదు. విషయం తెలిశాక భర్త ఎంతో సంతోషపడి, ఆమె సాధన చేస్తుండగా తీసిన చిన్న వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దండాలు, పూలు, "మన ఇంట్లో ఇంత విద్య ఉందా!" అన్న మాటలు. ఆమె వారం రోజులు గాల్లో తేలారు. ఆ తర్వాత సాధన సగానికి సగం పడిపోయింది. వింటే వింతగా ఉంటుంది కానీ దీని మీద పరిశోధన ఉంది. మనిషి తాను ఫలానా కావాలనుకుంటున్నట్టు నలుగురికీ తెలిసి, వాళ్లు గుర్తిస్తే, సగం అయిపోయినట్టే మనసుకు అనిపించి శ్రమ తగ్గుతుందని పీటర్ గోల్‌విట్జర్ బృందం 2009లో చూపించింది. అంతకు చాలా ముందే, 1977లో, ఆల్బర్ట్ బందూరా కూడా ఒక మాట చెప్పాడు: నేను చేయగలను అన్న నమ్మకానికి అన్నిటికంటే గట్టి ఆధారం తాను చేసి చూసిన అనుభవమే, ఇతరుల మాటల బలం దాని ముందు తక్కువని. భర్తను దీనికి తప్పుపట్టలేం. ఆ వీడియో గనక లేకపోతే ఆయన తర్వాత అంత గట్టిగా వెనక నిలబడేవారు కాదేమో.

మూడోది, పెద్ద తేదీ. దూరపు బంధువుల ఊళ్లో రామనవమి పందిట్లో గంటసేపు కథ. తేదీ పడితే కాళ్లు వాటంతటవే కదులుతాయని ఆమె వాదన. కొందరి విషయంలో అది నిజం కూడా. రెండు రోజుల ముందు గొంతు పోయింది. ఈఎన్‌టీ డాక్టరు చూసి, కొద్దిగా వాపుంది, మాట్లాడొద్దన్నారు. కథ రద్దయింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయారు. నాకు ఆ నిద్రే అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. గొంతు నొప్పి నటన కాదు. ప్రాక్టీసు ఎక్కువై, టెన్షన్‌తో బిగపట్టి పాడి గొంతు పాడైంది. అయితే రద్దు వల్ల దొరికిన ఊరట, వాయిదా వేసే అలవాటుకు ఇంకో మేకు దిగగొట్టింది. తర్వాతి వారం స్కోరు ఇంకా పెరిగింది.

ఆ రద్దు సమయంలో జరిగిన ఒక చిన్న సంగతి నా నోట్సులో గీత గీసి పెట్టుకున్నాను. ఆ రోజుకు మాట్లాడుకున్న వయొలిన్ ఆయన వేరే పని వదులుకున్నారని తెలిసి, ఆయన అడగకుండానే ఆయనకివ్వాల్సిన మొత్తం ఫోన్‌పే చేశారు. జనం ముందు నిలబడలేని ఈ మనిషి డబ్బు దగ్గర మాత్రం మాట తప్పరు. ఏ వైపు నుంచి పట్టుకోవాలో అప్పుడు కొంచెం తెలిసింది.

పని చేసినవి

ముందుగా ముడిపడిపోయిన రెండు ప్రశ్నల్ని విడదీశాం. జనం ముందు చెప్పగలనా అన్నది ఒకటి. దీంతో బతకగలనా అన్నది రెండోది. రాజీనామా ఉత్తరం వల్ల ఈ రెండూ ఒకటైపోయాయి. మొదటి కథ చెప్పడమంటే ఉద్యోగం పోవడం అన్నట్టు ఆమె శరీరం వణికేది.

డబ్బు ప్రశ్నను ఆమెకు అలవాటైన భాషలోనే పెట్టాం. వ్యాపారాలు మొదలుపెట్టేవాళ్ల ఆలోచనా తీరు మీద సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 2001లో రాసిన వ్యాసంలో ఒక విషయం ఉంది. అనుభవమున్నవాళ్లు ఎంత వస్తుందని లెక్కేయడం కంటే, ఎంత పోతే తట్టుకోగలమని చూసుకుని ఆ మేరకే దిగుతారని. శారదకు ఇది వెంటనే పట్టింది. ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఎంత పోగొట్టుకోవచ్చో మాత్రం ఒక అకౌంటెంట్ గంటలో తేల్చేస్తుంది. పక్కవాద్యాల వాళ్లకు ఇచ్చేది, ఆటో, పూలదండ, పట్టుచీర, అవసరమైతే మైకు. భర్తను కూడా కూర్చోబెట్టి మాట్లాడాం. సోఫా కోసమని వేస్తున్న చీటీ డబ్బులోంచి ఏడాదికి నలభై వేలు. పీఎఫ్, బంగారం, పిల్లల ఫీజులు ముట్టుకోకూడదు. రెండు రామనవములు చూశాక మళ్లీ ఆలోచించాలి. అప్పటిదాకా లాభనష్టాల మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. సోఫా పోయినందుకు చిన్నవాడు రెండు రోజులు అలిగాడట.

ఉద్యోగం మానకూడదని నేను చెప్పలేదు. అమెరికాలో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ 2014లో ప్రచురించిన పరిశోధన గురించి మాత్రం చెప్పాను: ఉద్యోగం చేస్తూనే సొంత పని మొదలుపెట్టి ఆ తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్లలో, ఆ పని మధ్యలో మూతపడే అవకాశం, ఉద్యోగం ఒక్కసారిగా వదిలేసి దిగినవాళ్లతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. అది వ్యాపారాల లెక్క, కళ మీద చేసింది కాదని కూడా చెప్పాను. ఆమె ఆ వారమే డ్రాఫ్టు తీసేశారు. ఇంకా ఎవరి ముందూ నోరు విప్పకముందే దడ కొంత తగ్గింది.

ఇక మిగిలింది జనం ముందు నిలబడటం. దానికి ఎక్స్‌పోజర్, అంటే భయపడే పనినే మెట్టుమెట్టుగా చేసి చూడటం తప్ప వేరే దారి నాకు తెలియదు. కానీ పందిరితో కాదు. తలుపు తెరిచి సాధన చేయడంతో మొదలుపెట్టాం. తర్వాత వరండాలో. ఆ తర్వాత ఇద్దరు స్నేహితుల ముందు పది నిమిషాలు. ప్రతి మెట్టుకూ ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో రాయాలి, అయ్యాక ఏం జరిగిందో రాయాలి. ఆమె భయాన్ని కాపాడుతున్న చిన్న చిన్న అలవాట్లు చాలానే బయటపడ్డాయి. ప్రతి పద్యానికీ గోరువెచ్చని నీళ్లు. చేతికందేలా నోటు పుస్తకం. రికార్డు చేసుకుని అర్ధరాత్రి దాకా వినడం. "ఏమండీ, ఎలా ఉంది?" అని భర్తను మళ్లీ మళ్లీ అడగడం. వీటిని ఒక్కొక్కటిగా మాన్పించాం. నోటు పుస్తకం వదలడం కంటే భర్తను అడగకుండా ఉండటమే కష్టమైంది.

గొంతు మీద చేసిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గుండె వేగంగా కొట్టుకుంటే గొంతు పోతుందని ఆమె నమ్మకం. హరికథలో గజ్జె కట్టి అడుగు వేశాక గుండె వేగంగా కొట్టుకోక ఏం చేస్తుంది? మా క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. కింద నుంచి గబగబా మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండా, నీళ్లు తాగకుండా, ఎగశ్వాసతోనే గజ్జెలు కట్టుకుని కథ ఎత్తుకోవాలి. కాగితం మీద ఆమె రాసింది: "గొంతు పూర్తిగా మూసుకుపోతుంది. ఆపేయాల్సి వస్తుంది." చేతులు వణికి గజ్జెల తాడు ముడి పడటానికే కాస్త సమయం పట్టింది. "శ్రీమద్రమారమణ గోవిందో..." దగ్గర గొంతు జీరపోయింది, "హారి" సగమే వినపడింది. నన్ను చూశారు. నేను మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి బయట కూర్చున్న మా రిసెప్షనిస్టు, ఆ పిల్లకు లోపల ఏం జరుగుతోందో తెలియదు, అలవాటు కొద్దీ గట్టిగా "గోవిందా!" అనేసింది. శారదకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి పద్యం అందుకున్నారు, రెండో పద్యానికి గొంతు సర్దుకుంది. కాగితం మీద కింద రాసుకున్నారు: "మొదట్లో జీర. ఆపలేదు. దడ ఉంది, పాట కూడా ఉంది." ధైర్యం గురించి నేను చెప్పగలిగిన దేనికంటే ఆ చివరి మాట ఆమెకు ఎక్కువ ఉపయోగపడింది.

అత్తగారి సంగతి మేమెవరం ఊహించలేదు. ఆవిడ ఒప్పుకోరని, గజ్జె కట్టి పదిమందిలో నిలబడటం ఆవిడకు తలవంపులని శారద గట్టిగా నమ్మారు. అడిగి చూశారా అంటే లేదు. అడగడాన్ని కూడా ఒక మెట్టుగా పెట్టుకున్నాం. మర్నాడు వంటింట్లో జరిగిన మాటలు ఆమె చెప్పినట్టే ఇస్తున్నాను.

"అత్తయ్యా, కార్తీకమాసంలో అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ల ముందు కథ చెబుదామనుకుంటున్నాను."

"చెప్పు. ఎంతిస్తారు?"

"ఏమీ ఇవ్వరు అత్తయ్యా. మొదటిసారి కదా."

"వయొలిన్ వాడికి నువ్విచ్చి, మృదంగం వాడికి నువ్విచ్చి, పైగా ఊరికే చెబుతావా? ఊరికే చెబితే ఎవరు వింటారే? పళ్లెం పెట్టించు."

అంటే ఆవిడ అభ్యంతరం గజ్జె మీద కాదు, ఊరికే చెప్పడం మీద. శారద మనసులో అన్నేళ్లుగా ఉన్న గోడ వంటింట్లో నాలుగు మాటలకు కూలింది. అయితే అప్పటిదాకా కనపడని ఇంకో భయం దాని వెనక నుంచి బయటపడింది: సంభావన అడగడం. దేవుడి కథ చెప్పి డబ్బడగడమా అన్న బెరుకు. ఆఫీసులో కోట్ల లెక్కలు చూసే మనిషికి ఈ ఒక్క అంకె నోట రాదు. సెషన్లో నేను ఆలయ కమిటీ కార్యదర్శినయ్యాను. "ఏదో మీకు తోచింది ఇవ్వండి" అనడం నిషేధం. "పక్కవాద్యాలకు ఇంత, నాకు ఇంత, ప్రయాణం మీదే" అని చెప్పి నోరు మూసుకోవాలి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని ఆమె నింపకూడదు. చాలాసార్లు నింపేశారు, తగ్గించి మరీ. వయొలిన్ ఆయనకు అడగకుండానే డబ్బు పంపిన సంగతి అప్పుడు గుర్తుచేశాను. వాద్యగాళ్ల విద్యకు వెల ఉందని ఒప్పుకున్న మనిషి తన విద్య దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తగ్గాలి? ఆ వాదన పనిచేసింది, ఎందుకంటే అది ఆమె చేసిన పనిలోంచే వచ్చింది.

ఏమైంది

కార్తీకమాసంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదటి కథ. కార్ల మధ్య కుర్చీలు వేశారు. ఒక పద్యం మర్చిపోయి పిట్టకథలోకి దాటేశారు, ఎవరూ గమనించలేదు. పళ్లెంలో పడిన డబ్బు మృదంగానికి కూడా సరిపోలేదు. తర్వాత ఒక వృద్ధాశ్రమంలో, ఆ పైన చిన్న గుడిలో. రామనవమికి పందిట్లో గంటన్నర చెప్పారు. జీఏడీ-7 స్కోరు 5కు దిగింది, ఫాలో అప్‌లో కూడా అక్కడే ఉంది. కథ ముందు రోజు నిద్ర ఇప్పటికీ సరిగా పట్టదు. పట్టాలని మేం లక్ష్యం పెట్టుకోలేదు.

డబ్బు విషయానికొస్తే, మొదటి ఏడాది నలభై వేలూ అయిపోయాయి. రెండో ఏడాది పక్కవాద్యాల ఖర్చు వచ్చింది, ఆమెకంటూ ఏమీ మిగల్లేదు. ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్లారు, ఎంపిక కాలేదు. మళ్లీ దరఖాస్తు పెడుతున్నారు. రెండో రామనవమి అయ్యాక అనుకున్నట్టే దంపతులిద్దరూ లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. చీటీ కొనసాగించాలనుకున్నారు. ఉద్యోగం అలాగే ఉంది. గురువుగారు ఒక కథకు వచ్చి ముందు వరసలో కూర్చుని, అయ్యాక తాళం రెండు చోట్ల జారిందని చెప్పి వెళ్లారట.

నేర్చుకున్నవి

కల వెంట పడలేకపోతున్నానని వచ్చేవాళ్లలో చాలామందికి మనం ముందు అందించేది ఉత్సాహం. ఈ కేసులో ఉత్సాహానికి కొరత ఎప్పుడూ లేదు. భయంలో నిజం పాలు ఎంత అని ముందే తేల్చడం అన్నిటికంటే ఉపయోగపడింది. నిజమున్న భాగానికి లెక్క కావాలి, హద్దు కావాలి, గడువు కావాలి. నిజం లేని భాగానికి మెట్లు కావాలి. రెంటికీ ఒకే మందు వేస్తే రెండూ తగ్గవు.

పెద్ద తేదీ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు అన్నదానికి నేనిప్పుడు ఒకటి చూస్తున్నాను. ఆ మనిషి అదే పని చిన్న స్థాయిలో ఇదివరకే చేసి ఉంటే తేదీ ముందుకు తోస్తుంది. ఎప్పుడూ చేయకపోతే ఆ తేదీయే రద్దుకు కారణమవుతుంది. రద్దయిన రోజు రాత్రి నిద్ర ఎలా పట్టిందని తప్పకుండా అడగాలి.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోరన్న మాటను కూడా అడిగి చూసేదాకా ఊహగానే రాసుకోవాలి. శారద అత్తగారిలాంటివాళ్లు అన్ని ఇళ్లలో ఉండరు, నిజంగా గొడవయ్యే ఇళ్లు ఎక్కువే. అలాంటిచోట అడగడానికి ముందు ఆమెకు అండగా ఎవరు నిలుస్తారో చూసుకున్నాకే ఆ మెట్టు పెట్టాలి.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. శారద తర్వాత కొన్నాళ్లకు ఇంచుమించు ఇలాంటి కోరికతోనే ఒక యువకుడు వచ్చాడు. అతని ఫోన్‌లో లోన్ యాప్‌ల నుంచి రోజంతా బెదిరింపు కాల్స్. పోగొట్టుకోగలిగింది ఎంత అని అడిగితే జవాబు సున్నాకు కింద ఉంది. అతనితో మెట్ల పట్టిక వేయలేదు. ముందు ఇంట్లో అప్పుల సంగతి బయటపెట్టడం, సైబర్ క్రైమ్ 1930కి ఫిర్యాదు, బ్యాంకులో ఉన్న మరో అప్పుకు వాయిదాలు మార్పించుకోవడం. కల గురించిన పుస్తకం తర్వాత తెరుద్దామని అతనికి చెప్పాను. ప్రస్తుతం అతను వాయిదాలు కడుతున్నాడు.